సముద్రం ఒడ్డున సిమెంటు కోట

కోట అంటే మనకు రాజులే గుర్తొస్తారు. విశాఖపట్నం బీచిలో ఇంకో రకం కోట ఉంది. చిన్న గదంత. కంకర, సిమెంటు పోసి కట్టారు. గోడలు బాగా మందం. గోడల్లో సన్నటి కంతలు. లోపల సిపాయిలు నిలబడి, ఆ కంతల్లో తుపాకులు పెట్టి సముద్రం వైపు గురి చూడాలి. దీన్ని పిల్‌బాక్స్ అంటారు.

ఇది రెండో ప్రపంచ యుద్ధం నాటిది. అప్పుడు మనల్ని ఇంగ్లీషువాళ్లు ఏలుతున్నారు. 1942 ఫిబ్రవరిలో జపాన్ సింగపూరును పట్టుకుంది. మార్చిలో రంగూన్ కూడా పోయింది. రంగూన్‌కు కూలికి పోయిన తెలుగువాళ్లు ఎందరో ఇల్లూ వాకిలీ వదిలేశారు. అడవుల వెంట నడిచి వచ్చారు. ఇక జపాన్ సేన ఓడల్లో మన ఒడ్డుకే వస్తుందని భయం.

ఓడలు ఒడ్డుకు రాలేదు. 1942 ఏప్రిల్ 6న విమానాలు వచ్చాయి! విశాఖలో, కాకినాడలో బాంబులు వేశాయి. నెత్తి మీద విమానం పోతుంటే, సముద్రం వైపు పెట్టిన కంత ఏం చేస్తుంది? సిపాయికి సిమెంటు గోడ ఉంది. పేదింటి ఆడమనిషికి ఉన్నది తాటాకు కప్పే కదా. పిల్లల్ని చంకనేసుకుని, చేతికందింది మూట కట్టుకుని, జనం ఊరు విడిచి పోయారు.

1945లో యుద్ధం ముగిసింది. జపాన్ సేన ఈ ఒడ్డున దిగనే లేదు. గది మాత్రం ఇసుకలో కూరుకుపోయింది. అలలు ఇసుకను కోసుకుపోయినప్పుడు ఓ పక్కకు ఒరిగి కనిపిస్తుంది.