ఉప్పుటేటి నీరు అందరిది



మన నెల్లూరు తీరమున ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు ప్రాంతములలో రొయ్యల సాగు పలువురు చిన్న రైతులకు జీవనాధారము. పిల్ల, మేత, కరెంటు అన్నింటికిని ముందే సొమ్ము కావలయును. మేతను అరువు తెచ్చిన రైతునకు పట్టుబడినాడు బేరమాడు స్వేచ్ఛ యుండదు.

విదేశపు విపణి మన చేతిలో లేదు. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచగా, ఆ దెబ్బ మన చెరువుగట్టు వరకు వచ్చినది. తెగులును అరికట్టుట మాత్రము కొంతవరకు మన చేతిలోనిదే. 1994-95లో తెల్లమచ్చల తెగులు ఈ తీరమున చెరువులను తుడిచిపెట్టిన సంగతి పెద్దలెరుగుదురు. తెగులు నీటిని ఒకరు రాత్రి ఉప్పుటేటిలోనికి వదలినచో, తెల్లవారి పొరుగువారు ఆ నీటినే తోడుకొందురు. సంగతి బయటపడిన అప్పులవాడు వచ్చునను భయముచే రైతు దానిని దాచును.

కావున ఒక్కొక్క కాలువ క్రింది రైతులు సంఘముగా ఏర్పడవలయును. పరీక్షించిన పిల్లను కలిసి కొనుట, ఒకే వారమున చెరువులలో వదలుట, తెగులు నీటిని క్లోరినుతో శుద్ధిచేయనిదే వదలకుండుట నియమములు కావలయును. ఇట్టి సంఘములకు తోడ్పడుటకే 2007లో సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ 'నాక్సా'ను నెలకొల్పినది.

తెగులు సంగతి దాచక చెప్పిన రైతునకు అండగా నిలుచుట పంచాయతీ ధర్మము. అతడు నిర్భయముగా చెప్పగలిగిననాడే పదిమంది చెరువులు నిలుచును.