ఛాయాచిత్రములో వెలుగు గీత

నక్షత్రములను ఛాయాచిత్రములో పట్టుకొనుటకు నేడు పెద్ద వేధశాల అక్కరలేదు. టాటా మౌలిక పరిశోధనా సంస్థ వారి హైదరాబాదు ప్రాంగణమున్న గోపన్‌పల్లిలోనైనను సరే, ఒక మేడపై కెమెరాను కదలకుండ నిలిపి 30 సెకన్లు తెరచి ఉంచిన చాలును. అట్టి చిత్రములో ఒక్కొక్కప్పుడు నక్షత్రముల నడుమ ఎదురుచూడని వెలుగు గీత కనబడును. అది ఏమై ఉండును?

ముందుగా గీత ఆకారమును చూడవలెను. రెండు కొనలు సన్నగిల్లి నడుమ లావెక్కి ఉన్నచో అది ఉల్క కావచ్చును. వరుసగా చుక్కలు పెట్టినట్లున్నచో విమానము. ఆ చుక్కలు దాని మినుకు దీపములు. మొదటినుండి చివరివరకు ఒకే తీరున సాగినచో కృత్రిమ ఉపగ్రహమని అనుమానింపవలెను. ప్రొద్దు గ్రుంకి నేల చీకటిపడినను, అంత ఎత్తున ఇంకను ఎండ కాయుచుండును. ఆ ఎండయే మనకు గీతయై కనబడును.

ఆకారమొక్కటే చాలదు. వెంటనే తీసిన రెండవ చిత్రమును ప్రక్కన పెట్టి చూడవలెను. ఉల్క మరల కనబడదు. ఉపగ్రహపు గీత ముందుకు జరిగి ఉండును. గంటల తరబడి నక్షత్రముల నడుమ కొంచెము కొంచెముగా జరుగు మసక చుక్క తోకచుక్క కావచ్చును.

ఈ ఓపికకు ఎంత విలువ కలదో హైదరాబాదులో పెరిగిన ఒకరి జీవితమే చెప్పును. వైను బప్పుగారి తండ్రి నిజామియా వేధశాలలో పనిచేసిరి. నిజాం కళాశాలలో చదివిన వైను బప్పుగారు 1949లో అమెరికాలోని హార్వర్డులో విద్యార్థి. ఆ జూలై 2న తీసిన ఫలకముపై ఒక కొత్త కాంతిజాడ ఆయన కంటబడినది. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి గోర్డన్ న్యూకిర్క్ తోడుగా పరిశీలింపగా, అది అంతవరకు ఎవ్వరును ఎరుగని తోకచుక్క అని తేలినది. ముగ్గురి పేర్లును దానికి నిలిచినవి.

అప్పటికి ఆకాశమున కృత్రిమ ఉపగ్రహము ఒక్కటియు లేదు. మొదటిది 1957లో ఎగిరినది. నేడు అవి వేలకొలది. అందుచేత రెండు విధముల పొరపాటు జరుగవచ్చును. ఉపగ్రహమును చూచి వింతయని ఊరంతయు చాటుట ఒకటి. ఏదో ఉపగ్రహములే అని నిజమైన తోకచుక్కను త్రోసివేయుట రెండవది. మొదటిదానివలన నవ్వులపాలగుదుము, రెండవదానివలన ఒక ఆవిష్కారమునే పోగొట్టుకొందుము.

కావున గీత సంగతి తేలువరకు చిత్రమును చెరిపివేయకుడు. తీసిన చోటు, దిక్కు, సమయము వ్రాసి ఉంచుడు. ఆ మూడును ఉన్నచో ఉపగ్రహముల గమన పట్టికలతో సరిపోల్చి, ఆ గీత ఎవరిదో ఎవరైనను తేల్చగలరు.