గళ్లు గీసేదెవరు?

ఎవరి పేరున ఈ స్మారకోపన్యాసం పెట్టారో ఆ మాస్టారు పుంగనూరు పిల్లలకు పద్దులు రాయడం నేర్పారు. అందుకే పద్దుల పుస్తకం కంప్యూటర్లోకి, అక్కణ్నించి ఇంటర్నెట్‌లోకి ఎలా చేరిందో చెబుతాను. దారి పొడుగునా నేనడిగేది ఒకటే: ఆ పుస్తకంలో గళ్లు గీసేదెవరు?

1970లో ఐబీఎం ఉద్యోగి ఎడ్గార్ కాడ్, సమాచారాన్ని పట్టికలుగా విడగొట్టి ఒకదానికొకటి ముడిపెట్టే పద్ధతి చెప్పాడు. ఎనభైల్లో డీబేస్ అనే సాఫ్ట్‌వేర్ పట్టికలను చిన్న కంప్యూటర్లకు తెచ్చింది. 1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌తో ప్రోగ్రాములు రాయనివాళ్లూ పట్టికలు కట్టుకున్నారు. కాని ఆ పట్టిక సాధారణంగా ఆఫీసు గడప దాటేది కాదు.

మన రాష్ట్రంలో 1998లో రిజిస్ట్రేషన్ శాఖకు ‘కార్డ్’ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. అంతకుముందు ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం, కావాలంటే ఇండెక్సు పుస్తకాలు ఏడాదికేడాది తిరగెయ్యాలి, రోజులు పట్టేది. తర్వాత నిమిషాల పని అయింది. గళ్లు మాత్రం హైదరాబాదులో గీశారు. 2002లో హెచ్‌పీ కంపెనీ కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ మొదలుపెట్టింది. సమాచార కేంద్రాలు తెరిచింది, ఆడవాళ్లకు డిజిటల్ కెమెరాలిచ్చి ఫొటోలు తీసి సంపాదించుకోవడం నేర్పింది. మంచి పనే, కాని అక్కడ గళ్లు కంపెనీవి.

2006లో జోహో క్రియేటర్ వచ్చింది. శ్రీధర్ వెంబు సంస్థది, మన రేణిగుంటలోనూ ఆ సంస్థకు ఆఫీసుంది. బ్రౌజర్ తెరిచి, పేరుకో గడి, తేదీకో గడి లాగి పెడితే ఫారం తయారు. వెనక పట్టిక అదే కట్టుకుంటుంది. అంటే గళ్లు ఇక వాడేవాళ్లే గీసుకోవచ్చు.

ఇక టమాటా మండీకి రండి. రైతు పేరు, క్రేట్లు, వేలంలో పలికిన ధర, కమీషను, కూలీ, ముందిచ్చిన అడ్వాన్సు: ఇవన్నీ తేలితేనే పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ. అన్నీ ఒకే పట్టికలో రాస్తే ఒకరోజు ‘రెడ్డప్ప’, మరోరోజు ‘జి.రెడ్డప్ప’. అడ్వాన్సు ఒక పేరు మీద, సరుకు ఇంకో పేరు మీద. రైతుల పట్టిక వేరు, సరుకు పట్టిక వేరు పెట్టి నంబరుతో ముడేస్తే గొడవ తీరుతుంది. కాడ్ చెప్పిందీ అదే. ఒకే రైతు సరుకు ఒకే రోజు గ్రేడును బట్టి రెండు ధరలు పలుకుతుందని బెంగళూరు ప్రోగ్రామరుకు ఎవరు చెప్పాలి? మండీలో పద్దులు రాసే రైటరుకు చెప్పక్కర్లేదు. గళ్లు గీయాల్సింది అతనే.

కాబట్టి కామర్స్ చదివే పిల్లలకు జమాఖర్చులతో పాటు పట్టికలు విడగొట్టడమూ నేర్పాలి. నెలనెలా చందా కట్టి వాడే పరికరమైతే, మన లెక్కలు ఎప్పుడంటే అప్పుడు ఎక్సెల్‌లోకి దించుకోగలమో లేదో ముందే చూసుకోవాలి. ఇంకొకటి. ఈ పరికరాల్లో ఎవరికి ఏది కనిపించాలో మనమే నిర్ణయించవచ్చు. గీసే అధికారం మండీకి వచ్చినప్పుడు, తన పద్దు తన ఫోన్లో చూసుకునే హక్కు రైతుకు ఇవ్వకపోతే, ఆ తప్పు యంత్రానిది కాదు, మనదే.