పసిబిడ్డ పగటి నిద్ర

సుమారు 3 నెలలు వచ్చేదాకా బిడ్డకు రాత్రీ పగలూ తేడా తెలియదు. అప్పటిదాకా గడియారం జోలికి పోకండి. 4 నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకు రోజు మొత్తంలో 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి.

కళ్ళు నులుముకుంటున్నా, చెవి లాక్కుంటున్నా నిద్రవేళ అయిందన్నమాట. ఏడుపు మొదలయ్యేదాకా ఆగితే అలసిపోయి మరింత మారాం చేస్తారు. తడిగుడ్డ మార్చి, పాలు పట్టి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, కిటికీ తెర లాగి, చిన్న జోలపాట. రోజూ ఇదే వరస. లాలపోశాక కమ్మగా నిద్రపడుతుందని మన అమ్మమ్మలకు ఎప్పుడో తెలుసు. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు, పసి ఊపిరితిత్తులకు పడదు.

చీర ఉయ్యాలలో జోకొట్టినా సరే, కన్ను మూతపడగానే గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పక్కన దిండ్లూ బొమ్మలూ ఉంచకండి.