పందెపు బండి - కాలువగట్టు బాట



నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. బందరు కాలువ క్రింద పొలము చేసికొను రైతును. అట్టి నేను పందెపు మోటారు సైకిలును గుఱించి ప్రసంగించుట యేమని మీకు సందేహము కలుగవచ్చును. ఈ పని నాకు మా మనుమడు కల్పించినాడు.

గడచిన సార్వా కోతలనాడు, విజయవాడలో చదువుకొనుచున్న మా మనుమడు స్నేహితుని బండిమీద ఇంటికి వచ్చెను. బండి కంటబడక మునుపే దాని మ్రోత కాలువ ఆవలి గట్టువఱకు వినవచ్చినది. గేదెలు పలుపులు త్రెంచుకొన్నవి. రోడ్డుమీద ధాన్యము ఎగదోయుచున్న ఆడకూలీలు పరుగున తొలగిపోయిరి. వాడు దిగి, "తాతయ్యా, ఇది ఇటలీవారి బెనెల్లి. పంట డబ్బు రాగానే నాకిటువంటిది కొనిపెట్టు" మనెను. నేను వెంటనే వలదంటిని. "దాని సంగతి నీకేమి తెలుసునని వలదనుచున్నావు?" అని వాడడిగెను.

ఆ మాట నాకు గ్రుచ్చుకొన్నది. ఏలయన, అది నిజము. తెలియకయే కాదనుట పెద్దఱికము గాదని తలచి, ఆ బండి పుట్టుపూర్వోత్తరములు విచారించితిని. తెలిసికొన్నది మీకు మనవి చేయుచున్నాను.

ఇటలీదేశపు తూర్పుతీరమున పెసారో యను పట్టణము కలదు. అచ్చట తెరెసా బెనెల్లి యను వితంతువు ఉండెడిది. ఆమెకు ఆఱుగురు కుమారులు. వారికొక జీవనోపాధి చూపవలెనని తలచి, 1911లో ఇంటి సొమ్ము పెట్టుబడిగా పెట్టి ఆమె యొక మరమ్మతు కర్మశాల స్థాపింపజేసెను. కొడుకులు 1920లో తమ మొదటి ఇంజనును, 1921లో మొదటి మోటారు సైకిలును తయారుచేసిరి. వారిలో జుసెప్పె యంత్రములు కల్పించువాడు. టొనీనో వానిని పందెములలో నడుపువాడు.

పందెములు ఉబుసుపోకకని మనమనుకొందుము. అది సగము మాటయే. ఏ మేకు సడలునో, ఏ పండ్లచక్రము విఱుగునో పందెమున ఒక్కపూటలో తెలిసిపోవును. ఒక యుదాహరణము చెప్పెదను. ఇంజనులోనికి ఇంధనము వచ్చుటకును, కాలిన పొగ వెడలుటకును కవాటములు కలవు. అవి మన తూము తలుపుల వంటివి. తలుపు తీయువాడు దూరముగా నిలిచి పొడవైన కడ్డీతో నెట్టినచో ఆలస్యమగును. తలుపు మీదనే నిలిచినచో వెంటనే తీయగలడు. జుసెప్పె తన 175 సి.సి. ఇంజనులో కవాటములు తెఱచు కడ్డీని ఇంజను తలమీదికి చేర్చి, పండ్లచక్రముల వరుసతో దానిని త్రిప్పించెను. ఆ బండ్లతో టొనీనో 1927, 1928, 1930, 1931 సంవత్సరములలో ఇటలీదేశపు విజేత యయ్యెను.

అయితే ఈ కీర్తికి ఆ యింటివారు చెల్లించిన మూల్యమును వినుడు. 1932లో ఘోరముగా పడిపోవుటతో టొనీనో పందెములు ముగిసినవి. అన్ని పందెములు దాటి బ్రదికి బయటపడిన యా వీరుడు 1937లో, పందెమున గాదు, రోడ్డు ప్రమాదమున మరణించెను. 1939లో మాన్ ద్వీపపు పందెమున ఆంగ్లేయుడు టెడ్ మెల్లర్స్ బెనెల్లి బండిమీద గెలిచెను. అంతలో యుద్ధము వచ్చి కర్మాగారమును నేలమట్టము చేసినది. దానిని మరల నిలువబెట్టిరి. 1950లో దారియో అంబ్రొసీని 250 సి.సి. తరగతిలో ప్రపంచవిజేత యయ్యెను. మఱుసటియేడే ఫ్రాన్సులో పందెపు అభ్యాసమున అసువులు బాసెను. 1969లో ఆస్ట్రేలియావాడు కెల్ కరదర్స్ ఆ బిరుదమును మరల బెనెల్లికి తెచ్చెను.

2005లో ఆ సంస్థ చీనాదేశపు చియాన్‌జియాంగ్ వారి వశమైనది. 2018లో హైదరాబాదు మహావీర్ సంస్థవారు ఆ నగర సమీపమున ఈ బండ్లను బిగించు ఏర్పాటు చేసికొనిరి. కావున మా వాడు ఇటలీ బండి యన్నది పేరునకు ఇటలీది, సొత్తు చీనావారిది, బిగింపు తెలుగునేలది!

ఇక వాడు తెచ్చిన బండి మాట. 600 సి.సి.; నాలుగు సిలిండర్లు; ఇన్నూఱు కిలోలకు మించిన బరువు; ఎనుబది అశ్వములకు పైబడిన శక్తి. మన పొలము దున్ను ట్రాక్టరు శక్తి సాధారణముగా నలుబది, యేబది. ట్రాక్టరును మించిన శక్తిని రెండు చక్రములమీద పెట్టి పిల్లవాని చేతికిచ్చుట యన్నమాట.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి, నడుపువాడు అపాయమును చూచి బ్రేకు పట్టుకొను ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు సాగిపోవును. బ్రేకు పట్టిన పిమ్మట ఆగుటకు పొడిబాటమీద మఱియొక 20 మీటర్లు కావలెను. వేగము 120 అయినచో ఆ 17 దాదాపు 33 అగును. ఆ 20 మాత్రము 40 గాదు, 80 అగును. వేగము రెండింతలైన నాగు దూరము నాలుగింతలు. ఎంత మంచి బ్రేకులైనను ఈ లెక్కను మార్చలేవు. బాటమీద వడ్లు పఱచియున్నచో చక్రమునకు పట్టే యుండదు.

మన కృష్ణమ్మకు వేగము లేదా? 1855లో ఆనకట్ట కట్టినవారు ఆమె వేగమును నిందింపలేదు. దానికి గట్టులు పోసి, లాకులు పెట్టి, పొలములకు మఱలించిరి. పందెపు వేగమునకును గట్టులు కలవు. మాన్ ద్వీపమున పందెపువేళ రాకపోకలు నిలిపి బాటలు మూయుదురు. చెన్నపట్టణము చేరువ ఇరుంగాట్టుకోట్టైలో 1990లో పందెములకే ప్రత్యేకమైన బాట వెలసినది. వేగము దోషము గాదు. గట్టులేని వేగము దోషము.

న్యాయమునకు మన తప్పును చెప్పుకొనవలెను. రోడ్డు కళ్లము గాదు. నేనును ఇన్నేండ్లు అచ్చటనే వడ్లారబోసితిని. ఈ యేటినుండి పరదాపట్టలు పఱచి దొడ్డిలోనే ఆరబోయుచున్నాను. చిన్నవారిని శాసించు ముందు పెద్దవారు తమ వంతు నెఱవేర్చవలెను గదా.

అటుపిమ్మట మనుమని పిలిచి మూడు మాటలు చెప్పితిని. మొదట ఏడాదిపాటు చిన్నబండి నడుపుము. ఆ యేడంతయు నీ తల నొక్కనాడును శిరస్త్రాణము లేక బయలుదేరరాదు. రెండవది, వేగము రుచి చూడదలచిన పందెపు బాటకు పోయి గురువు వద్ద నేర్చుకొనుము. ఆ రుసుము నేనిచ్చెదను. మూడవది, కాలువగట్టుమీద నీ వేగము ఎడ్లబండిని దాటుటకు చాలునంతయే. ఏడాది గడచి నీవు నిలిచితివేని, ఆ పంట డబ్బు నీదే.

వాడు తల వంచుకొని వినెను. టొనీనో మాట వచ్చినప్పుడు మాత్రము తలయెత్తి, "అతని తల్లి అప్పటికి బ్రదికియున్నదా, తాతయ్యా?" అని యడిగెను. నా కది తెలియదంటిని. వాడు వంటయింటివైపు, తన తల్లి యున్న దిక్కునకు, ఒకసారి చూచెను. నా షరతులకు వాడింకను బదులు చెప్పలేదు. ఈ ప్రసంగమును వాడును వినుచుండునని తలచుచున్నాను.

సెలవు.