దారిలో ఆపిల్ పండు



మా ఎంకపల్లివాళ్లకు ప్రయాణమంటే మధ్యలో ఒకచోట ఆగవలసిందే. చేవెళ్ల మీదుగా పోయే బీజాపూర్ రోడ్డుకు రెండు పక్కలా పాత మర్రిచెట్లున్నాయి చూడండి, మా చిన్నతనంలో వాటి నీడన సద్దిమూట విప్పనిదే ఏ పెళ్లికీ చేరలేదు మేము.

2023 వేసవిలో కెనడాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. వీసా కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూట ఎనిమిదీ పూర్తిచేసి మరీ విమానమెక్కాను. తీరా వెళ్తే తొమ్మిదేళ్ల మనవరాలు నాతో మాట్లాడదే! ఏమడిగినా ఇంగ్లీషులో ఒక్క ముక్క చెప్పి గదిలోకి పోయేది. "పిల్లకు తెలుగు నేర్పలేదేమే?" అని నోరుజారాను. అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఉద్యోగం, వంట, పిల్ల బడి... అన్నీ ఒక్కతే చూసుకునే మనిషిని అలా అనకూడదని తరువాత తోచింది కానీ, అన్నమాట వెనక్కి రాదు కదా! రెండు రోజులు ఇంట్లో ముభావంగానే గడిచింది.

ఆ మూడోనాడే టొరంటో నుంచి ఒట్టావాకు కారులో బయలుదేరాం. గంటన్నర పోయాక కోల్‌బోర్న్ దగ్గర 401 రోడ్డు పక్కన, చెట్లమీదుగా ఒక ఎర్రటి ఆపిల్ పండు కనిపించింది. ముప్ఫై అయిదు అడుగుల ఎత్తు! లోపల మెట్లు కూడా ఉన్నాయి. 1987లో కట్టారట. ఆ దేశంలో ఇదొక సరదా. వావా అనే ఊరిని కొత్త రహదారి పక్కకు వదిలేసిందని, బాటసారులు ఆగడానికి ఆ ఊరివాళ్లు 1960లో పెద్ద బాతు బొమ్మ నిలబెట్టారని అల్లుడుగారు చెప్పారు. మనకు మర్రిచెట్టు చాలు, పాపం వాళ్లకు ఇంత శ్రమ!

బల్లమీద పులిహోర, సకినాలు పెట్టుకుని తిన్నాం. చేతులు కడుక్కుని, ఊరికే కూర్చోలేక అయిదు గులకరాళ్లు ఏరి గచ్చకాయల ఆట మొదలుపెట్టాను. ఒకటి ఎగరేసి, అది కిందపడేలోగా బల్లమీది రాయి తీసి, పడేదాన్ని పట్టుకోవాలి. తరువాత రెండేసి, ఆపైన మూడు, చివరికి నాలుగూ ఒక్క ఊపున. పిల్ల దూరం నుంచి చూసింది. దగ్గరికొచ్చింది. మా అమ్మాయి కూడా కొంగు లేకపోయినా దోపుకున్నంత పనిచేసి, "అమ్మా, రెండ్లలో నువ్వెప్పుడూ తొండే!" అంటూ ఎదురుగా కూర్చుంది. అరుగుమీద ఆడిన పిల్లే మళ్లీ!

మూడ్లలో నా చేయి తప్పింది. "అమ్మమ్మా, నువ్వు ఔట్!" అని మనవరాలు కేకేసింది. అందులో తెలుగెంత అని మీరు లెక్కలు అడగకండి, నాకు చాలింది.

అల్లుడుగారు రెండుసార్లు గడియారం చూశారు. పది నిమిషాలనుకున్నది గంటంపావు అయింది. కారెక్కాక ఆ అయిదు రాళ్లూ పిల్ల గుప్పిట్లోనే ఉన్నాయి, ఒట్టావా దాకా గలగలమంటూనే ఉన్నాయి.