బాలలు మన చేతిలోని అమానతు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లం)పై, వారి కుటుంబంపై, అనుచరులపై శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు వహించవలసిందిగా ముందు నాకు, తరువాత మీకు హితవు చెప్పుకుంటున్నాను.

పిల్లవాణ్ణి మక్తబ్‌లో చేర్చేటప్పుడు మన తండ్రులు ఉస్తాద్‌తో, "చర్మం మీది, ఎముకలు మావి" అంటారు. నన్ను మదరసాలో చేర్చిన నాడు మా నాన్నగారూ ఆ మాటే అన్నారు. గురువు మీద గౌరవంతోనే అన్నారు. కాని సోదరులారా, బిడ్డ చర్మం ఉస్తాద్‌ది కాదు, ఎముకలు తండ్రివీ కావు. రెండూ అల్లాహ్‌వే. మన చేతిలో ఉన్నది అమానతు మాత్రమే.

ఇది నేను ఆలస్యంగా గ్రహించిన సత్యం. ఆళ్ళగడ్డలో మక్తబ్ నడిపే రోజుల్లో ఒక బాలుడు తల్లితో పత్తి తీతకు వెళ్ళి, కొన్ని దినాలు రాలేదు. తిరిగి వచ్చేసరికి తోటివారు ముందు పాఠానికి వెళ్ళిపోయారు. నేను ఆనాటి సబఖ్ అడిగాను. చెప్పలేకపోయాడు. అందరి ఎదుట బెత్తంతో కొట్టాను. మరునాటి నుండి రాలేదు. వాళ్ళ ఇంటికి వెళితే నన్ను చూసి తల్లి వెనుక దాక్కున్నాడు. తరువాత ఎంత పిలిచినా ఆ బాలుడు మక్తబ్ గడప తొక్కలేదు. దీనికి రేపు ప్రభువు సన్నిధిలో జవాబు చెప్పవలసినవాణ్ణి నేనే.

దైవప్రవక్త (సల్లం) బోధించిన తీరును చూడండి. ముఆవియా బిన్ హకమ్ (రజి) తెలియక నమాజులో మాట్లాడారు. ప్రవక్త (సల్లం) ఆయనను గద్దించలేదు, కొట్టలేదు, తిట్టలేదు; నమాజులో ఏమి తగునో ప్రశాంతంగా వివరించారు. అంతటి ఉత్తమ బోధకుణ్ణి అంతకు ముందుగాని ఆ తరువాతగాని చూడలేదని ఆయనే సాక్ష్యమిచ్చారు. సహీహ్ ముస్లింలో ఈ ఉల్లేఖనం ఉంది. పదేళ్ళు సేవచేసిన బాలుడు అనస్ (రజి)ను ప్రవక్త (సల్లం) ఒక్కనాడైనా ఛీ అనలేదు.

"పదేళ్ళ పిల్లవాణ్ణి నమాజు కోసం దండించమని హదీసు ఉంది కదా?" అని పెద్దలు అడుగుతారు. ఆ హదీసులో ఏడవ ఏటనే నమాజు చెప్పమన్న ఆజ్ఞ ముందుంది. అంటే మూడేళ్ళ ఓర్పు ముందు రావాలి. ఆ తరువాతి దండన కూడా గాయపరచేది కారాదని ధర్మవేత్తలు షరతు విధించారు. అక్షరం తడబడిన ఏడేళ్ళ పసివాడికి దానితో ఏమి సంబంధం?

1377లో ముఖద్దిమా రచించిన ఇబ్నె ఖల్దూన్, కాఠిన్యంతో పెరిగిన విద్యార్థి అబద్ధానికీ సోమరితనానికీ అలవాటు పడతాడని హెచ్చరించారు. విద్యను మెట్టుమెట్టుగా నేర్పాలన్నారు. సహాబాలు పది ఆయతులు నేర్చి, వాటిని ఆచరణలో పెట్టిన తరువాతే ముందుకు సాగేవారు.

ఈ పద్ధతి నేడు మన రాయలసీమలోనే కనిపిస్తుంది. మదనపల్లె సమీపాన, జిడ్డు కృష్ణమూర్తి నెలకొల్పిన రిషి వ్యాలీ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. ఒకే ఉపాధ్యాయుడు వేర్వేరు వయసుల పిల్లలకు కార్డుల సాయంతో నేర్పుతాడు. గోడమీద నిచ్చెన వంటి పటం ఉంటుంది; ప్రతి బిడ్డ తన మెట్టు తానే చూసుకుంటాడు. పనికి వెళ్ళి తిరిగి వచ్చిన బిడ్డ ఎక్కడ ఆగాడో అక్కడినుండే మొదలుపెడతాడు. 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలు ఈ మార్గాన్నే అనుసరించాయి. వారి విశ్వాసం వేరు కావచ్చు. మేలైన పద్ధతి ఎక్కడ ఉన్నా స్వీకరించడం విశ్వాసికి తగిన పని. నా మక్తబ్‌లో అలాంటి నిచ్చెన ఒకటి ఉండివుంటే, ఆ బాలుడు నేటికి ఖుర్ఆన్ పూర్తి చేసివుండేవాడు.

సోదరులారా! 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడుల్లో శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. 2012 సవరణ మదరసాలనూ వేద పాఠశాలలనూ ఆ చట్టం పరిధి నుండి మినహాయించింది. అంతమాత్రాన మన చేతికి బెత్తం దక్కిందని ఎవరూ భావించరాదు. అల్లాహ్ విచారణ నుండి మినహాయింపు ఏ మదరసాకూ లేదు.

కనుక మూడు పనులు చేద్దాం. మన మక్తబ్‌ల నుండి బెత్తాన్ని తొలగిద్దాం. ప్రతి బిడ్డకూ వేరుగా సబఖ్ పుస్తకం పెట్టి, తన మెట్టు నుండే నడిపిద్దాం. తండ్రులారా, ఇంట్లో ర్యాంకుల పేరిట పొరుగింటి బిడ్డతో పోల్చి మీ బిడ్డను చిన్నబుచ్చకండి. ఈ రోజు ఏమి నేర్చుకున్నావని ప్రేమగా అడగండి. భయంతో బడి మానిన బిడ్డ మీ వీధిలో ఉంటే నాకు తెలియజేయండి. క్షమాపణ కోరడానికి నేనే వస్తాను.

ఓ అల్లాహ్! మా బిడ్డల విద్యను ప్రయోజనకరం చేయి. వారి విషయంలో మేము చేసిన కాఠిన్యాన్ని క్షమించు. మా హృదయాలలో నీ ప్రవక్త కారుణ్యాన్ని నింపు. ఆమీన్.